మూడు పైపుల వాదన

ఆదివారం పొద్దున ఆ టైర్ల దుకాణంలో ఎవరికీ టైర్లతో పని ఉండదు. చక్రాల అలైన్‌మెంట్ చూసే యంత్రం మీద ముసుగు కప్పి ఉంటుంది. షట్టరు సగం దించి ఉంటుంది. కస్టమర్లు కూర్చోవడానికి గాజు పలకలతో వేరు చేసిన చిన్న గదిలో, నడివయసు దాటిన మగవాళ్ళు కొందరు చేరి, తాము బహుశా ఎన్నడూ నడపబోని కార్ల గురించి గొంతులు చించుకుంటారు. కొత్త రబ్బరు వాసన, కాఫీ యంత్రం గురగుర, గోడ మీద ఏ బండికి ఎంత గాలి కొట్టాలో చెప్పే పాత బొమ్మ. ఆ సభకు ఎక్కడా రాసిపెట్టని నియమం ఒకటి ఉండేది. ఎవరు ఏమైనా అనవచ్చు, కాని ఇంజిన్ విషయంలో చివరి మాట డైనోగారిది.

డైనో ఆయన పేరు కాదు. ఇంజిన్ను దిమ్మెకు బిగించి, పరుగెత్తించి, దాని సత్తువ ఎంతో తేల్చే యంత్రాన్ని డైనమోమీటరు అంటారు. ఒక కార్ల కంపెనీ పరీక్షశాలలో ఆయన ఉద్యోగమంతా దాని పక్కనే గడిచింది. కొత్తగా వచ్చినవాళ్ళు ఆ పిలుపు ఆయన వయసును బట్టి, డైనోసారు అన్న అర్థంలో వచ్చిందనుకునేవారు. ఆయన ప్రతిసారీ ఓపికగా దిద్దేవాడు. అలా దిద్దడం వల్లనే ఆ పిలుపు మరింత గట్టిపడిందన్న సంగతి మాత్రం, ఇన్ని సంగతులు తెలిసిన ఆ మనిషికి తట్టలేదు.

దుకాణం ఆయన బావమరిదిది, అంటే భార్య తమ్ముడిది. డైనోగారి పెళ్ళినాటికి ఆ కుర్రవాడు నిక్కర్లు వేసుకునేవాడు. స్పానరు ఎలా పట్టుకోవాలో, నట్టు ఎంతవరకు బిగించి ఎక్కడ ఆపాలో పెద్దబావగా డైనోగారే చెప్పాడు. దుకాణం పెట్టినప్పుడు ఏ యంత్రం కొనాలో, ఏ నూనె అమ్మకూడదో కూడా ఆయననే అడిగాడు. పిల్లలు లేని డైనోగారికి, తన మాట నేలమీద పడకుండా పట్టుకునే మనిషి లోకంలో ఒకడున్నాడంటే ఈ బావమరిదే. ఇది ఆయన ఎవరితోనూ అనలేదు. తనతో తాను కూడా అనుకోలేదు. ఊపిరి పీల్చుకుంటున్నామని ఎవరు గుర్తుచేసుకుంటూ కూర్చుంటారు?

ఆ ఊపిరికి అడ్డం పడినవాడు తోడల్లుడు.

భార్య చెల్లెలి మొగుడైన అతనికి కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. వచ్చినవారి మొహం ఒక్కసారి చూసి ఏ ఫ్రేము నప్పుతుందో చెప్పగలడు. ఎవరికి ఏ మాట నప్పుతుందో కూడా అంత సులువుగానే కనిపెడతాడు. ఈ మధ్య తన దుకాణాన్ని టైర్ల దుకాణం ఉన్న వీధికే మార్చాడు. దాంతో ఆదివారాల సభలోకి వచ్చిపడ్డాడు. వచ్చిన కొత్తలో మూల కుర్చీలో కూర్చుని నవ్వుతూ విన్నాడు. తర్వాత ఫోనులో ఏవో వీడియోలు చూసి, అక్కడ విన్నది ఇక్కడ చెప్పడం మొదలుపెట్టాడు. అతను చెప్పేవి గాలి కబుర్లని డైనోగారికి మొదటి రోజే తెలిసింది. గదిలో అందరూ వాటికి చెవులు కోసుకుంటున్నారని మాత్రం కొంత ఆలస్యంగా తెలిసింది.

బావమరిది డైనోగారిని పెద్దబావా, మీరు అంటాడు, తోడల్లుణ్ణి చిన్నబావా, నువ్వు అంటాడు. ఇందులో వింతేమీ లేదు, వయసుల తేడా అలాంటిది. కాని ఆ మధ్య ఒకరోజు వాళ్ళిద్దరూ ఒకే ఫోనులోకి తొంగిచూస్తూ, భుజాలు రాసుకుంటూ, "నువ్వు ఊరుకో చిన్నబావా, చంపేస్తున్నావ్" అని పగలబడి నవ్వుతుంటే, తనకు ఇన్నేళ్ళుగా దక్కుతున్నది గౌరవమా, దూరమా అన్న అనుమానం డైనోగారి మనసులో ముల్లులా దిగింది.

ఇక కారు సంగతి. బావమరిదికి చాలా కాలంగా ఒక కోరిక ఉంది. రెండు తలుపులు, నేలకు ఆనుకున్నట్టుండే ఒళ్ళు, వెనక చక్రాలు తోసే బలం ఉన్న ఒక హుషారైన కారు. ఇన్నాళ్ళకు కొనగలిగే స్థితికి వచ్చాడు. అయితే ఆ కారుకు కొత్త రూపం రాబోతోందని లోకమంతా కోడై కూస్తోంది. పాత రూపంలో ఆఖరి కారు, నీలం రంగుది, షోరూంలో మిగిలి ఉంది. శనివారం వరకు ఎవరికీ ఇవ్వకుండా ఆపుతామని వాళ్ళు మాటిచ్చారు. కొత్తదానిలో ఇంజిన్ కూడా కొత్తదైతే ఆగాలి. బంపర్లు మార్చి పాత ఇంజిన్నే పెడితే ఇప్పుడే కొనుక్కోవాలి. ఒకసారి కొన్నాక మళ్ళీ అలాంటి కారు కొనే అవకాశం తన జన్మలో రాదని బావమరిదికి తెలుసు. కంపెనీ మాత్రం నోరు విప్పడం లేదు.

నోరు విప్పనివాళ్ళ తరఫున మాట్లాడటానికి చిన్నబావ ఉండనే ఉన్నాడు. పాత నాలుగు సిలిండర్ల ఇంజిన్ను తీసేస్తున్నారని, మూడు సిలిండర్లతో, పెద్ద టర్బోతో కొత్తది వస్తోందని, బలం సగానికి సగం పెరుగుతుందని అతను ప్రకటించాడు. సిలిండర్లు తగ్గితే బలం ఎలా పెరుగుతుందని సభలోని స్కూలు బస్సు డ్రైవరు ఒకాయన అడిగాడు. టర్బో గాలి కొట్టి నింపుతుంది కదా అని చిన్నబావ బుగ్గలు పూరించి చూపించాడు. పక్కనున్న పళ్ళ డాక్టరు నవ్వాడు. బావమరిది నవ్వలేదు. అతని కళ్ళు మెరిశాయి.

"ఎవరు చెప్పారు?" అని డైనోగారు అడిగాడు.

"ఎవరూ చెప్పక్కర్లేదు అన్నగారూ, చూస్తే తెలుస్తోంది." చిన్నబావ ఫోను తీశాడు. కొండదారిలో పరీక్షకు తిప్పుతున్న కొత్త కారును ఎవరో దొంగచాటుగా తీసిన వీడియో అది. ఒళ్ళంతా నలుపు తెలుపు చారల స్టిక్కర్లు కప్పుకుని ఉంది. "వెనకాల చూడండి. పొగగొట్టాలు మూడు. సిలిండరుకొకటి."

ఆ తర్కం విని డైనోగారికి ఒళ్ళు మండిపోయింది. పొగంతా ఇంజిన్ దగ్గరే ఒక గొట్టంలోకి చేరుతుంది. వెనక దాన్ని మూడుగా చీల్చినా ముప్పైగా చీల్చినా అది అలంకారమే. "చక్రాలు నాలుగున్నాయి కాబట్టి స్టీరింగులు కూడా నాలుగుంటాయా నాయనా?" అన్నాడు.

గది గొల్లుమంది. చిన్నబావ కూడా అందరితో కలిసి నవ్వాడు. ఓడినవాడు నవ్వితే గెలిచినవాడికి ఏం మిగులుతుంది? పైగా బావమరిది ఆ నవ్వుల మధ్యనే వంగి, "అది కాదుగాని, సౌండ్ విందాం, మళ్ళీ పెట్టు" అని చిన్నబావ మోచెయ్యి పట్టుకున్నాడు.

ఇక్కడ డైనోగారు ఒక పని చేశాడు. పరీక్షశాలలో ఏ కొత్త ఉద్యోగి చేసినా ఆయన చీవాట్లు పెట్టి ఉండేవాడు. ముందు పరికరం, తర్వాతే చెవి అన్నది ఆయన అక్కడ నేర్పిన మొదటి పాఠం. మనిషి చెవి తాను వినాలనుకున్నదే వింటుందని, అందులోనూ అరచేతిలో పట్టే ఫోను స్పీకరు కింది స్వరాలను మింగేసి పైవాటినే వినిపిస్తుందని ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అయినా ఆ మోచెయ్యి పట్టుకోవడం చూశాక ఆయన ఆగలేకపోయాడు. ఫోను తీసుకుని చెవి దగ్గర పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. గదిలో మాటలు ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దం ఎంతో కాలం తర్వాత తిరిగొచ్చిన బంధువులా అనిపించింది.

"నాలుగు. పాత ఇంజినే. దీని గొంతు నాకు తెలుసు. చొక్కా మార్చారు, అంతే."

బావమరిది మొహంలో మెరుపు ఆరిపోవడం ఆయన చూశాడు. కొంత జాలి కలిగింది. కాని ఆ జాలి కింద వెచ్చగా, హాయిగా మరేదో ఉంది. దానికి పేరు పెట్టడానికి ఆయన ప్రయత్నించలేదు.

మంగళవారం మధ్యాహ్నం భోజనం అయ్యాక ఆయన కంప్యూటరు ముందు కూర్చున్నాడు. నిజం తేల్చుకుందామని కాదు. తేలిపోయిందనే ఆయన అభిప్రాయం. వచ్చే ఆదివారం చిన్నబావ ముందు పెట్టడానికి, మరోసారి పైపుల ఊసెత్తకుండా చేయడానికి, ఎవరూ కాదనలేని రుజువొకటి చేతిలో ఉండాలనుకున్నాడు. ఆ వీడియో సంపాదించి, అందులోని శబ్దాన్ని వేరు చేసి, అది ఏయే స్వరాలుగా విడిపోతుందో గీతల్లో చూపించే ప్రోగ్రాంలోకి ఎక్కించాడు.

లెక్క సులువే. ఇంజిన్ ఒక చుట్టు పని పూర్తి చేసేలోగా ప్రతి సిలిండరూ ఒక్కసారి పేలుతుంది. కాని ఏ రెండు సిలిండర్లూ అచ్చం ఒకే బలంతో పేలవు. వాటిలో ఒకటి ఎప్పుడూ కాస్త బరువుగా పడుతుంది. అందువల్ల చుట్టు తిరిగిన ప్రతిసారీ ఆ బరువు దెబ్బ మళ్ళీ వస్తుంది, అడుగున ఒక సన్నని గీత గీస్తుంది. పేలుళ్ళన్నీ కలిసి పైన మందపాటి గీత గీస్తాయి. పై గీత అడుగు గీతకు ఎన్ని రెట్లు ఎత్తులో ఉందో చూస్తే అన్ని సిలిండర్లు. బండి వేగంతో పనిలేదు, చెవితో అసలే పనిలేదు.

మూడు రెట్లు ఉంది.

ఆయన కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. అది తోడల్లుడి దుకాణంలో చేయించిన జోడే. ఆ సమయంలో ఆ విషయం గుర్తురావడం కూడా ఆయనకు నచ్చలేదు. మరో చోట కొలిచాడు. మూడే. బండి మలుపు తిరిగి మళ్ళీ ఊపందుకునే చోట కొలిచాడు. అక్కడా మూడే.

అప్పుడు ఆయనలోని సంశయవాది లేచి కూర్చున్నాడు. ఈ శబ్దం ఈ కారుదేనని నమ్మకమేమిటి? ఎవరో వేరే బండి చప్పుడు అతికించి ఉండవచ్చు. వెనక వస్తున్న మోటారుసైకిలుది కావచ్చు. మైకు దోషం ఉండవచ్చు. ఇవన్నీ న్యాయమైన ప్రశ్నలే. ఏ పరీక్షశాలలోనైనా అడగదగినవే. కాని వాటిని ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుంటూ పోతుండగా ఆయనకు ఒక సంగతి స్ఫురించింది. గీత నాలుగు రెట్ల ఎత్తులో ఉండి ఉంటే వీటిలో ఒక్క ప్రశ్న కూడా తనకు తోచేది కాదు. మోటారుసైకిలు వచ్చేది కాదు. మైకు నిక్షేపంలా ఉండేది. తనకు నచ్చని ఫలితాన్ని మాత్రమే నిలదీసే అనుమానానికి అనుమానమన్న పేరు తగదని ఆయన ఎందరికో ఉపన్యాసాలిచ్చాడు.

నిజాయితీగా ఉండాలన్న పట్టుదలతో మరో వీడియో వెతికాడు. వేరెవరో, వేరే చోట తీసింది. అందులో మోటారుసైకిలు లేదు. ఫలితం మారలేదు.

ఇంజిన్ కొత్తదే. కళ్ళజోళ్ళమ్ముకునే మనిషి, పొగగొట్టాలు లెక్కపెట్టి, నిజం చెప్పాడు. ఆయనను కాల్చేసింది అదే. తాను తప్పవడం కొత్త కాదు. పరీక్షశాలలో వారానికోసారి తప్పయ్యేవాడు, తనను తప్పని తేల్చిన గీతలకు దండం పెట్టేవాడు. కాని అవతలివాడు ఏ దారీ తెలియకుండా, కళ్ళకు గంతలు కట్టుకుని నడిచి, సరిగ్గా గమ్యంలో కాలు మోపడం, అక్కడ నిలబడి నవ్వడం! తప్పుడు కారణంతో చెప్పిన ఒప్పును ఏం చేయాలో ఆయనకు తెలిసిన ఏ శాస్త్రమూ చెప్పలేదు.

అప్పుడే భార్య గదిలోకి వచ్చింది. ఆమె మొహం వెలిగిపోతోంది. తమ్ముడు ఫోను చేశాడట. నీలం కారే తీసుకుంటున్నాడట. రెండు రోజులు కొట్టుమిట్టాడి, చివరకు పెద్దబావ మాటే ఖాయం చేసుకున్నాడట.

"మా చెల్లెలు నిన్నటిదాకా ఒకటే సోది. మా ఆయన అలా చెప్పాడు, మా ఆయన ఇలా చెప్పాడు అని. ఇప్పుడు దాని నోరు మూతపడింది," అంది. "ఇంజిన్ల గురించి మీకు తెలిసినంత ఆయనకేం తెలుసండీ? ఆ మాట మా వాడే అన్నాడు."

"వాడే అన్నాడా?"

"పెద్దబావ చెవి పెట్టి విన్నాక ఇంక ఆలోచించేదేముంది అన్నాడు."

ఆ మాట ఎక్కడ తాకాలో అక్కడ తాకింది. కంప్యూటరు తెర మీద మందపాటి గీత మూడు రెట్ల ఎత్తులో కదలకుండా ఉంది. ఆయన దాని మీదికి మరో కిటికీ తెచ్చి కప్పాడు. భార్యకు గీతలు చదవడం రాదు. అయినా కప్పాడు.

బుధవారం ఫోను తీశాడు. బావమరిది నంబరు వరకు వెళ్ళాడు. ఇంకొంచెం సాక్ష్యం దొరికాక చెబుదాం, సగం తెలిసిన సంగతి చెప్పడం పద్ధతి కాదు అనుకుని పక్కన పెట్టాడు. పద్ధతి అన్న మాట ఎంత మెత్తటి పరుపో, దాని మీద మనిషి ఎంత సుఖంగా పడుకోగలడో ఆయనకు ఆ రెండు రోజుల్లో తెలిసివచ్చింది. శుక్రవారం చిన్నబావే ఫోను చేశాడు. "మీరు చెప్పాక ఇంకేముంది అన్నగారూ, నేనూ వాడికి అదే చెప్పా. మనకెందుకు, పెద్దాయన మాట విను అన్నా." అతని గొంతులో వెక్కిరింత కోసం డైనోగారు జాగ్రత్తగా వెతికాడు. దొరకలేదు. దొరికి ఉంటే ఎంతో హాయిగా ఉండేది. ఓడిపోయినా అసూయపడని మనిషి మీద పడే అసూయకు మందు లేదు.

శనివారం పొద్దున ముగ్గురూ షోరూంలో ఉన్నారు. ఇద్దరు బావలూ పక్కన ఉండాలని బావమరిది పట్టుబట్టాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. టైర్ల నల్లదనం ఎన్నడూ పూర్తిగా వదలని గోళ్ళను ఆ రోజు బ్రష్షుతో రుద్ది కడిగినట్టున్నాడు. నీలం కారు పాలరాతి నేల మీద మెరుస్తోంది. అతను దాని చుట్టూ తిరుగుతున్నాడు గాని, తాకడం లేదు. చిన్నబావ జేబులోంచి అద్దాలు తుడిచే మెత్తటి గుడ్డ తీసి, కారు పక్క అద్దం మీద తనకు మాత్రమే కనిపించిన మరకను తుడిచాడు.

డైనోగారు నిజం చెప్పడానికే వచ్చాడు. కాని నిజం చెప్పకుండా ఈ కొనుగోలును ఆపగలనేమోనని చివరి నిమిషంలో ఆశపడ్డాడు. అలాగైతే బావమరిది నష్టపోడు, తన మాటా పోదు. తలుపుకూ ఒంటికీ మధ్య సందు పైన సన్నగా, కింద వెడల్పుగా ఉందన్నాడు. బావమరిది వంగి చూసి, తనకేమీ కనిపించడం లేదన్నాడు. రంగు ఎండకు నిలవదన్నాడు. సామాను పెట్టుకునే చోటు ఇరుకన్నాడు. టైర్లు ఎప్పుడో తయారైనవన్నాడు.

"టైర్లు నా పని బావా. నేను మార్చుకుంటాను," అని బావమరిది నవ్వబోయాడు. నవ్వు సగంలోనే ఆగింది.

అమ్మకాలు చూసే ఆవిడ కాగితాలు తెచ్చి బల్ల మీద పెట్టి పెన్ను అందించింది. బావమరిది పెన్ను తీసుకున్నాడు. సీటు మరీ కిందికి ఉందని, ఈ వయసులో నడుము పట్టేస్తుందని డైనోగారు అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు తన గొంతు తనకే అసహ్యంగా వినిపించింది.

బావమరిది తలెత్తాడు. అతని కళ్ళలో ఎన్నడూ చూడనిదేదో కనిపించింది.

"పెద్దబావా, ఒక మాట అడుగుతా, ఏమీ అనుకోకండి. మీరు కొనమంటేనే కొంటున్నా. వచ్చిన దగ్గర్నుంచీ ఒంకలు పెడుతున్నారు. నేను ఈ కారు కొనుక్కోవడం మీకు ఏడుపుగా ఉందా?"

అమ్మకాల ఆవిడకు హఠాత్తుగా కంప్యూటరులో ఏదో పని గుర్తొచ్చింది. చిన్నబావ చేతిలో గుడ్డ అద్దం మీదే ఆగిపోయింది.

అడ్డంగా తల ఊపి, నీ మంచికే చెబుతున్నానని అనడం తేలిక. డైనోగారి నాలుక చివర ఆ వాక్యం సిద్ధంగా ఉంది. కాని ఆయన జీవితమంతా కొలతలకు కట్టుబడ్డవాడు. బావమరిది కొలతలో ఎక్కువ తప్పు లేదని ఆయనకు కనిపించింది. జబ్బును సరిగానే పట్టుకున్నాడు. అది ఎక్కడ పుట్టిందో ఒక్కటే పట్టుకోలేకపోయాడు. కారంటే కుళ్ళుకునే బావగా ఈ పిల్లవాడి మనసులో మిగిలిపోవడమా, లేక ఇంజిన్ తెలియని బావగా మిగలడమా? ఇన్నాళ్ళూ రెండోదే భరించలేనిదనుకున్నాడు.

"ఏడుపుగానే ఉంది," అన్నాడు. "కారు మీద కాదు."

బల్ల మీది కాగితాల మీద అరచెయ్యి ఆనించాడు.

"సంతకం పెట్టకు. కొత్తదాంట్లో ఉన్నది మూడు సిలిండర్ల ఇంజిన్. నేను చెప్పింది తప్పు. ఫోనులో వినకూడదు, విన్నాను. తర్వాత సరిగ్గా కొలిచాను. రెండు వీడియోల్లో కొలిచాను. పూర్తి రుజువు అనను, కాని నేనైతే ఆగుతాను."

"ఎప్పుడు కొలిచారు?"

"మంగళవారం."

బావమరిది పెన్ను వైపు చూశాడు. "ఇవాళ శనివారం."

"అవును."

"మరి ఇన్నాళ్ళూ?"

డైనోగారి చూపు, ఆయన ఆపే లోపలే, గుడ్డ పట్టుకుని నిలబడ్డ తోడల్లుడి మీదికి వెళ్ళి వచ్చింది. ఎంతో చిన్న చూపు. బావమరిది దాన్ని చూశాడు. చూసి, పెన్నుకు మూత పెట్టి బల్ల మీద ఉంచాడు. చీవాట్లు పెట్టినా, వెటకారం చేసినా డైనోగారు తట్టుకునేవాడు. అలా నెమ్మదిగా మూత పెట్టడం తట్టుకోవడం కష్టమైంది.

అప్పుడు చిన్నబావ గొంతు హుషారుగా లేచింది. "చెప్పానా లేదా? మూడు పైపులు. నేను అప్పుడే చెప్పానా లేదా?"

"పైపులకూ సిలిండర్లకూ ఏ సంబంధమూ లేదు," అని డైనోగారు అన్నాడు.

ఆ మాట వినేవారు అక్కడ లేరు. బావమరిది మొహంలో ఆదివారం ఆరిన మెరుపు తిరిగి వెలిగింది. కొత్త ఇంజిన్, మరింత బలం, వచ్చే ఏడాది. అతను చిన్నబావ వీపు మీద చరిచాడు. చిన్నబావ కొత్తదానికి ఏ రంగు రావచ్చో అప్పటికే చెప్పడం మొదలుపెట్టాడు. ఎర్రటి ఎరుపు వస్తుందట. ఎవరు చెప్పారో దేవుడికి తెలియాలి, దేవుడున్నాడని డైనోగారు నమ్మి ఉంటే. ఇద్దరూ నీలం కారు పక్కనే నిలబడి, ఇంకా పుట్టని ఎర్ర కారు గురించి మాట్లాడుకున్నారు. తాను ఈ గదిలోకి నిజం తెచ్చాడు. అది వచ్చీరాగానే వెళ్ళి అవతలివాడి ఒళ్ళో కూర్చుంది.

కారు వదులుకుంటున్నామని ఆవిడకు చెప్పి, కాగితాలు వెనక్కి ఇవ్వడానికి బావమరిది లోపల ఆగాడు. తోడల్లుళ్ళిద్దరూ బయట మెట్ల దగ్గరికి వచ్చారు. మెట్ల పక్కన పట్టుకోవడానికి పెట్టిన ఇనుప కడ్డీ ఎండకు వెచ్చబడి ఉంది.

"అన్నగారూ," అన్నాడు చిన్నబావ. "రేపు సభలో అందరూ అడుగుతారు. మీరెలా పట్టుకున్నారో నాకు చెప్పండి. నా పైపుల సంగతి చెబితే మళ్ళీ స్టీరింగులంటారు మీరు."

డైనోగారికి రేపటి సభ కళ్ళకు కట్టింది. ఇతను చెబుతాడు, చేతులు తిప్పుతూ, బుగ్గలు పూరిస్తూ. అందరూ వింటారు. వచ్చే ఏడాదికి అది ఇతను కనిపెట్టిన పద్ధతే అయి కూర్చుంటుంది. చెప్పనని అనవచ్చు. అంటే పైపుల సిద్ధాంతమే ఆ గదిలో శాశ్వతంగా నిలిచిపోతుంది, ఒక అబద్ధపు కారణం నిజానికి తండ్రినని చెప్పుకు తిరుగుతుంది. అది మాత్రం ఆయన వల్ల కాదు.

వేలి కణుపులతో కడ్డీ మీద కొట్టి చూపించాడు. ఒకటి బరువుగా, రెండు తేలిగ్గా. మళ్ళీ ఒకటి బరువుగా, రెండు తేలిగ్గా.

చిన్నబావ కొట్టాడు. అన్నీ సమానంగా పడ్డాయి.

"కాదు. మొదటిది బరువు."

"ఎందుకు బరువు?"

ఎందుకో చెప్పాడు. ఏ రెండు సిలిండర్లూ ఒకేలా పేలవన్న దగ్గర్నుంచి మొదలుపెట్టి, సన్న గీత, మందం గీత, ఎత్తులో తేడా, అంతా. చిన్నబావ తల వంచి విన్నాడు. రెండు ప్రశ్నలు వేశాడు. రెండూ వేయవలసిన ప్రశ్నలే. తర్వాత ఇనుప కడ్డీ మీద మళ్ళీ కొట్టాడు. ఈసారి ఒకటి బరువుగా, రెండు తేలిగ్గా, ఎక్కడా తడబడకుండా పరుగెత్తింది. తన గట్టి వేళ్ళ కింద కంటే అతని వేళ్ళ కిందే అది ఇంజిన్‌లా పలికిందని డైనోగారు గమనించాడు.

గాజు తలుపు తోసుకుని బావమరిది వచ్చాడు. పెద్దబావ వైపు ఒక్క క్షణం చూశాడు. ఆ చూపులో కోపం లేదు, మునుపున్నదీ లేదు. తర్వాత చిన్నబావ పక్కన కడ్డీకి ఆనుకుని, "ఏంటది? నాకూ చెప్పు" అన్నాడు.

చిన్నబావ చెప్పడం మొదలుపెట్టాడు. ఎక్కడైనా తప్పు దొర్లుతుందేమోనని డైనోగారు చెవులు రిక్కించి విన్నాడు.

దొర్లలేదు.